పాల లెక్కతో డేటాబేస్ మొదటి పాఠం: టేబుల్, కీ, జాయిన్ అంటే అసలేంటి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: తిరుపతి జిల్లా పాకాల పక్కన పాల సేకరణ కేంద్రం. 120 మంది రైతులు పొద్దున, సాయంత్రం పాలు పోస్తారు. లెక్కంతా ఎక్సెల్‌లో ఉంది. ‘డేటాబేస్‌కి మారండి’ అని అందరూ చెప్తున్నారు గానీ, అడిగినవారు ప్రైమరీ కీ, ఫారిన్ కీ, నార్మలైజేషన్ అనే మాటల దగ్గరే ఆగిపోతున్నారు. చదివింది బీకాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

బీకాం అంటే సగం పని అయిపోయినట్టే. చిట్టా (జర్నల్), ఆవర్జా (లెడ్జర్) తేడా తెలిసినవాళ్లకి డేటాబేస్ కొత్త విద్యేం కాదు. మీ పాల లెక్కనే తీసుకుని ఒక్కో మాటా చూద్దాం.

ముందు ఒక మాట. ‘డేటా ఎక్కువైతే డేటాబేస్ కావాలి’ అంటారు చూడండి, మీ విషయంలో అది కారణం కాదు. 120 మంది, రెండు పూటలు, 365 రోజులు: ఏడాదికి 87,600 వరసలు. ఇప్పటి ఎక్సెల్ షీటులో 10,48,576 వరసలు పడతాయి. అంటే దాదాపు 12 ఏళ్ల లెక్క ఒకే షీటులో సరిపోతుంది. (పాత ‘.ఎక్స్ఎల్ఎస్’ ఫైలు అయితే 65,536 దగ్గరే ఆగుతుంది. మీ లెక్కకి తొమ్మిది నెలలు. ఫైలు పేరు చివర ఏముందో ఒకసారి చూసుకోండి.)

అసలు కారణం వేరే. ఎక్సెల్ దేనికైనా తల ఊపుతుంది. 6.4 లీటర్ల బదులు 64 కొట్టినా సరే అంటుంది. తేదీ గడిలో ‘నిన్న’ అని రాసినా సరే అంటుంది. ఒకే రైతుకి ఒకే పూట రెండుసార్లు ఎక్కించినా నోరెత్తదు. అందులో డేటా వాలిడేషన్ ఉంది కదా అంటారేమో, వేరే చోటు నుంచి కాపీ చేసి పేస్ట్ చేస్తే ఆ అడ్డు పనిచేయదు. డేటాబేస్ అట్లా కాదు. అది మొండి గుమాస్తా. ‘ఈ గడిలో తేదీ తప్ప ఇంకేదీ రాయనివ్వకు, లేని రైతు నంబరు మీద పాలు రాయకు’ అని ఒక్కసారి చెప్తే చాలు, ఆ తర్వాత మీరు రాసినా, మీ తమ్ముడు రాసినా, రేపు ఏదైనా యాప్ రాసినా అదే మాట మీద నిలబడుతుంది. కింద వచ్చే మాటల్లో సగం ఈ మొండితనానికి పెట్టిన పేర్లే.

ఇప్పుడు మాటలు. డేటాబేస్ అంటే ఒక పని కోసం పద్ధతిగా పెట్టుకున్న సమాచారం మొత్తం. దాన్ని కాపలా కాసే సాఫ్ట్‌వేర్ పేరు డీబీఎంఎస్ (డేటాబేస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్). ఎస్‌క్యూలైట్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ ఇవన్నీ డీబీఎంఎస్‌లు. వాడుకలో అందరూ రెండింటినీ ‘డేటాబేస్’ అనేస్తారు. పరీక్షలో తప్ప ఎక్కడా నష్టం లేదు.

టేబుల్ అంటే ఒకే రకం వస్తువుల పట్టిక. రైతులకి ఒకటి, పోసిన పాలకి ఒకటి, ఊళ్లకి ఒకటి. రో అంటే ఒక వరస: ఒక రైతు, లేదా ఒక పూట పోసిన పాలు. కాలమ్ అంటే నిలువు గడి: పేరు, ఫోను, తేదీ. ఎక్సెల్‌తో ముఖ్యమైన తేడా రెండు చోట్ల. కాలమ్‌కి ఒక రకం ఉంటుంది. వరసలకి సొంత వరుసక్రమం ఉండదు. ‘37వ వరస’ అనే మాటకి డేటాబేస్‌లో అర్థం లేదు. మీరు క్రమం అడగకపోతే దానికి వీలైన క్రమంలో ఇస్తుంది, ఇవాళ ఒకలాగా రేపు ఇంకోలాగా ఇచ్చినా అది తప్పు కాదు.

స్కీమా అంటే ఏ టేబుళ్లు ఉన్నాయి, వాటిలో ఏ కాలమ్‌లు, ఏ నియమాలు అనే ప్లాను. ఇల్లు కట్టేముందు గీసుకునే ప్లాను లాంటిదే. గోడ లేచాక గుమ్మం మార్చడం ఎంత కష్టమో ఇక్కడా అంతే. కాబట్టి కంప్యూటర్ ముట్టుకునే ముందు ఒక గంట కాగితం మీద గీయండి.

మీకు కాగితం మీద రావాల్సింది దాదాపు ఇట్లా ఉంటుంది:

ఊళ్లు: ఊరు_నంబరు, ఊరి_పేరు, మండలం_నంబరు
మండలాలు: మండలం_నంబరు, మండలం_పేరు, జిల్లా
రైతులు: రైతు_నంబరు, పేరు, ఊరు_నంబరు, ఫోను, పోస్తున్నారా
పాలు: ఎంట్రీ_నంబరు, రైతు_నంబరు, తేదీ, పూట, రకం, మిల్లీలీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్, రేటు_పైసలు
దాణా: దాణా_నంబరు, రైతు_నంబరు, తేదీ, బస్తాలు, మొత్తం_పైసలు

పాలు టేబుల్లో ఒక వరస ఇట్లా కనిపిస్తుంది: 4107, 23, 2025-06-15, పొద్దున, ఆవు, 6400, 41, 85, 3650. చదివితే, 23వ నంబరు రైతు జూన్ 15 పొద్దున 6.4 లీటర్ల ఆవు పాలు పోశారు, ఫ్యాట్ (వెన్న శాతం) 4.1, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక మిగిలిన ఘనపదార్థాల శాతం) 8.5, లీటరు రేటు 36 రూపాయల 50 పైసలు. (రేటు ఊరికే ఉదాహరణకి వేసింది.) లీటర్లని మిల్లీలీటర్లుగా, రూపాయల్ని పైసలుగా, 4.1ని 41గా ఎందుకు రాశామో కాసేపట్లో చెప్తాను.

ప్రైమరీ కీ దగ్గర తొందరపడకండి. ఒక వరసని ఇంకో వరస నుంచి కచ్చితంగా వేరు చేసే గడి అది. రెండు వరసల్లో ఒకే విలువ ఉండకూడదు, ఖాళీగానూ ఉండకూడదు. కొత్తవాళ్లు పేరునే కీగా పెట్టేస్తారు. మునెమ్మ ఇద్దరు ముగ్గురు లేని ఊరు మన పక్క ఉందా? ‘పేరు, ఇంటిపేరు కలిపితే?’ అంటారు. మేనరికాలు ఉన్నచోట అదీ ఆగదు. ఫోను నంబరు? సిమ్ మారుస్తారు, ఒకే ఫోను అత్తాకోడళ్లిద్దరికీ ఉంటుంది. ఆధార్ నంబరు? పనికి అవసరం లేనప్పుడు అది మీ దగ్గర ఉండకపోవడమే మంచిది. అది బయటికి పొక్కితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. అందుకే ఏ అర్థమూ లేని ఒట్టి నంబరు ఇవ్వడం మేలు. మీ కేంద్రంలో రైతు కార్డు మీద ఇప్పటికే 23, 24 అని నంబర్లు వేసి ఉంటారు. అదే ప్రైమరీ కీ. ఇంత కాలం పేరు తెలియకుండా వాడుతున్నారు. ఒక రైతు మానేస్తే ఆ నంబరు ఇంకొకరికి మాత్రం ఇవ్వొద్దు. పాత పాలు కొత్త మనిషి ఖాతాలో కనిపిస్తాయి.

ఒట్టి నంబరు కీగా పెట్టాక ఒక చిక్కు మిగులుతుంది. ఒకే పాలు రెండుసార్లు ఎక్కిస్తే రెండిటికీ వేరే ఎంట్రీ నంబర్లు వస్తాయి, డేటాబేస్‌కి అనుమానం రాదు. దీనికి యూనీక్ అనే నియమం ఉంది. రైతు, తేదీ, పూట ఈ మూడూ కలిపి మళ్లీ రాకూడదు అని పెట్టాలనిపిస్తుంది. పెట్టండి, రెండో రోజే ఆగిపోతారు. ఎందుకంటే కొందరి ఇంట్లో ఆవూ ఉంటుంది, ఎనుమూ ఉంటుంది. ఒకే పూట రెండు రకాల పాలు తెస్తారు. కాబట్టి రకం కూడా కలపాలి. ఒకరు ఒకే రకం పాలు రెండు క్యాన్లలో తెచ్చి విడివిడిగా కొలిపిస్తారా? అయితే క్యాను నంబరు కూడా కావాలి. నియమం ఎంత గట్టిగా పెట్టాలో పుస్తకం చెప్పదు, కాటా దగ్గర నిలబడ్డ మనిషి చెప్పాలి.

ఫారిన్ కీ పేరుకే ఫారిన్. ‘ఈ గడిలో రాసే నంబరు అదుగో ఆ టేబుల్లో ఉండి తీరాలి’ అనే షరతు. పాలు టేబుల్లో రైతు_నంబరు గడికి ఈ షరతు పెడితే, 23 బదులు 230 కొట్టినప్పుడు అంతమంది రైతులు లేరు కాబట్టి గుమాస్తా ఒప్పుకోడు. 23 బదులు 32 కొడితే? 32 కూడా ఉన్న రైతే కాబట్టి ఒప్పుకుంటాడు. అంత తెలివి దానికి లేదు. అందుకే ఎంట్రీ తెరలో నంబరు కొట్టగానే పక్కన పేరు కనిపించాలి.

ఇదే షరతు వెనక్కి కూడా పనిచేస్తుంది. పాలు పోసిన రైతుని రైతులు టేబుల్లోంచి తీసేయబోతే అడ్డుపడుతుంది. తీసేస్తే పాత పాల లెక్కకి యజమాని ఉండడు కదా. ఈ అడ్డు తగలగానే చాలామంది ఇంటర్నెట్లో వెతికి ‘ఆన్ డిలీట్ కాస్కేడ్’ అని పెట్టేస్తారు. అంటే రైతుతో పాటు ఆ రైతు పోసిన పాల వరసలన్నీ పోతాయి. లెక్కల పుస్తకంలో ఆ పని ఎప్పుడూ చేయొద్దు. మానేసిన రైతుకి ‘పోస్తున్నారా’ గడిలో 0 వేయండి, అంతే.

ఇప్పుడు నార్మలైజేషన్. ఒక సంగతిని ఒకే చోట రాయడం అని అనుకోండి. ఫస్ట్ నార్మల్ ఫామ్, సెకండ్, థర్డ్ అని బట్టీ పట్టే ముందు మన ఉమ్మడి చిత్తూరు జిల్లాకి జరిగింది గుర్తు తెచ్చుకుంటే సరిపోతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీశారు. పాకాల మండలం తిరుపతి జిల్లాలోకి పోయింది, పక్కనే ఉన్న పూతలపట్టు చిత్తూరులోనే ఉండిపోయింది. రైతు వరస వరసకీ ‘చిత్తూరు జిల్లా’ అని రాసుకున్నవాళ్లు ఆ రోజు ఏం చేయాలి? ఎవరు పాకాల మండలం, ఎవరు పూతలపట్టు మండలం అని ఒక్కొక్కటీ చూసి మార్చాలి. నాలుగు వదిలేస్తారు. ఆ నాలుగింటి వల్ల ఒకే ఊరు రెండు జిల్లాల్లో కనిపిస్తుంది. పైన గీసిన ప్లానులో అయితే మండలాలు టేబుల్లో పాకాల ఎదురుగా ఒక్క గడి మారిస్తే పని అయిపోతుంది.

ఊరి పేరుదీ ఇదే కథ. చేత్తో కొట్టనిస్తే ‘దామలచెరువు’, ‘దామల చెరువు’, ‘దామల్‌చెరువు’ మూడు ఊళ్లవుతాయి. కంప్యూటర్‌కి ఒక ఖాళీ కూడా అక్షరమే. ఊళ్లు టేబుల్ పెట్టి నంబరు ఎంచుకోనిస్తే ఈ గోల ఉండదు.

కానీ నార్మలైజేషన్ పిచ్చి కూడా పనికిరాదు. రేట్లకి కూడా ఒక టేబుల్ పెట్టుకున్నాక ‘రేటు రేట్ల టేబుల్లో ఉంది కదా, పాలు వరసలో మళ్లీ ఎందుకు?’ అని అడుగుతారు, పాఠం బాగా ఒంటబట్టినవాళ్లే అడుగుతారు. తీసేశారనుకోండి. వచ్చే నెల రేటు పెరిగి రేట్ల టేబుల్ మార్చగానే, పోయిన నెల బిల్లు మళ్లీ తీస్తే కొత్త రేటుతో వస్తుంది. అప్పటికి డబ్బులు ఇచ్చేసి ఉంటారు. ‘ఇప్పటి రేటు’ ఒక సంగతి, ‘ఆ పూట ఇచ్చిన రేటు’ ఇంకో సంగతి. చూడ్డానికి ఒకే అంకె గానీ అర్థం వేరు కాబట్టి రెండు చోట్లా ఉండాల్సిందే. ఏది మారితే పాతది కూడా మారాలి, ఏది మారినా పాతది మారకూడదు అని ప్రతి గడినీ అడగండి. నార్మల్ ఫామ్‌ల పేర్లు తర్వాత నేర్చుకోవచ్చు.

(పరీక్ష రాసేవాళ్లకి ఒక పిడకల వేట: రిలేషనల్ అనే మాట టేబుళ్ల మధ్య సంబంధం వల్ల వచ్చిందని చాలామంది రాస్తారు. గణితంలో రిలేషన్ అంటే టేబుల్‌కి దగ్గరి అర్థం. 1970లో ఐబీఎంలో పనిచేస్తున్న ఎడ్గర్ కాడ్ తన పేపర్లో వాడింది ఆ అర్థంలోనే.)

డేటా టైపులు, అంటే గడి రకాలు. ఇక్కడ చేసిన తప్పు ఆరు నెలల తర్వాత బయటపడుతుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఫోను నంబరుని టెక్స్ట్‌గా పెట్టండి. అది అంకెలతో రాసే పేరు, దాన్ని మనం కూడం, తీసేయం. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌లలో మామూలు ఇంటిజర్ గడిలో పట్టే పెద్ద సంఖ్య 2147483647. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తో మొదలవుతాయి, అన్నీ దానికంటే పెద్దవే. మైఎస్‌క్యూఎల్‌లో కట్టుదిట్టమైన మోడ్ తీసేసి ఉంటే తప్పు చూపించకుండా ఆ పెద్ద సంఖ్యనే రాసేస్తుంది. రైతులందరి ఫోనూ 2147483647 అని కనిపిస్తే కారణం ఇదే.

డబ్బుకి ఫ్లోట్ లేదా రియల్ రకం వాడొద్దు. అది సంఖ్యల్ని రెండు ఘాతాల లెక్కలో (బైనరీలో) దాస్తుంది. పదో వంతు అందులో కచ్చితంగా ఇమడదు. 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్‌లలో డెసిమల్ రకం ఉంది, దశాంశాల్ని ఉన్నవి ఉన్నట్టు దాస్తుంది. ఎస్‌క్యూలైట్‌లో ఆ రకం నిజంగా లేదు. డెసిమల్ అని రాస్తే ఒప్పుకుంటుంది గానీ లోపల 36.55ని రియల్‌గానే దాస్తుంది. అందుకే పైన పైసలు, మిల్లీలీటర్లు, పదితో గుణించిన ఫ్యాట్ అని పూర్ణసంఖ్యలు వేశాం. మీ ఫ్యాట్ కొలిచే మెషిన్ రెండు దశాంశాలు చూపిస్తే 100తో గుణించండి.

పూర్ణసంఖ్యలకీ ఒక గుంత ఉంది. 6450 మిల్లీలీటర్లు, లీటరు 3655 పైసలు. 6450ని 3655తో గుణించి 1000తో భాగిస్తే 23574.75 పైసలు. ఎస్‌క్యూలైట్‌లో పూర్ణసంఖ్యని పూర్ణసంఖ్యతో భాగిస్తే శేషం రాలిపోతుంది, 23574 వస్తుంది. ముక్కాలు పైసా పోతే పోనీ అనొచ్చు. కానీ ముందే భాగించి తర్వాత గుణిస్తే 6450ని 1000తో భాగించగా 6 మిగిలి, 21930 పైసలు వస్తుంది. ఒక్క పూటకి పదహారు రూపాయలకు పైగా తేడా. 1000 బదులు 1000.0తో భాగించి, చివర రౌండ్ చేయండి. బిల్లు మొత్తం మీద ఒకేసారి రౌండ్ చేయాలా, పూట పూటకీ చేయాలా అనేది రైతు చేతికిచ్చే చీటీలో ఎట్లా ఉందో దాన్ని బట్టి నిర్ణయించుకోండి. రెండూ కలిపితే చీటీల మొత్తం, బిల్లు ఒకటిగా రావు.

తేదీని 2025-06-15 అని సంవత్సరం ముందు పెట్టి రాయండి. 03-04-2025 అంటే ఏప్రిల్ 3 అని మనం చదువుతాం, అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్ మార్చి 4 అని చదువుతుంది. 12 దాటిన రోజులకి తప్పు బయటపడుతుంది, 12 లోపు రోజులకి ఎవరూ గమనించరు. ఎస్‌క్యూలైట్‌లో తేదీకి ప్రత్యేక రకం లేదు. సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో, సంవత్సరానికి నాలుగు అంకెలు, నెలకి, రోజుకి రెండేసి అంకెలు తప్పకుండా రాస్తే అక్షరక్రమంలో పేర్చినా తేదీక్రమమే వస్తుంది.

నల్ అంటే ‘విలువ తెలియదు’ అని. సున్నా కాదు. కరెంటు పోయి ఎస్ఎన్ఎఫ్ కొలవలేదనుకోండి, ఆ గడి నల్‌గా వదలాలి. మూడు పూటల్లో 8.4, 8.6, ఒకటి కొలవలేదు. నల్ అయితే సగటు 8.5 వస్తుంది, ఎందుకంటే సగటు తీసేటప్పుడు నల్‌ని లెక్కలోకి తీసుకోదు. సున్నా వేస్తే 5.67 వస్తుంది, రైతు నీళ్లు కలిపాడని అనుమానిస్తారు. ఇంకో చిత్రం: ‘ఎస్ఎన్ఎఫ్ = నల్’ అని వెతికితే ఒక్క వరసా రాదు. తెలియనిది ఇంకో తెలియనిదానితో సమానమా అంటే, తెలియదు అనే జవాబు వస్తుంది. ‘ఈజ్ నల్’ అని అడగాలి.

చెక్ అనే నియమం కూడా ఇప్పుడే పెట్టేయండి: ఫ్యాట్ 20 నుంచి 120 మధ్య (అంటే 2.0 నుంచి 12.0), మిల్లీలీటర్లు సున్నా కంటే ఎక్కువ, పూట ‘పొద్దున’ లేదా ‘సాయంత్రం’, రకం ‘ఆవు’ లేదా ‘ఎనుము’. మొదట్లో చెప్పిన 64 లీటర్ల తప్పు ఆపాలంటే పై హద్దు కూడా కావాలి. మీ దగ్గర ఒక పూట అందరికంటే ఎక్కువ పోసేవాళ్ల పాలు ఎంతో చూసి, దానికి కొంచెం పైన పెట్టుకోండి.

డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్. 1970లలో ఐబీఎంలోనే పుట్టింది, అప్పటి పేరు సీక్వెల్. అందుకే కొందరు ఇప్పటికీ సీక్వెల్ అనే పలుకుతారు. రోజువారీ పనికి నాలుగు క్రియలు: కొత్త వరస వేయడానికి ఇన్సర్ట్, చూడ్డానికి సెలెక్ట్, మార్చడానికి అప్‌డేట్, తీసేయడానికి డిలీట్. అడిగే వాక్యాన్ని క్వెరీ అంటారు. ఇక్కడ పలికేటట్టు రాస్తున్నా, మెషిన్‌లో ఈ క్రియల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. టేబుళ్లకి, కాలమ్‌లకి తెలుగు పేర్లు ఎస్‌క్యూలైట్ ఒప్పుకుంటుంది గానీ మాటిమాటికీ కీబోర్డు మార్చడం విసుగు, పేర్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోండి. గడుల లోపల రాసేది మాత్రం తెలుగులో ఉంచండి.

పదిహేను రోజుల పాల మొత్తం ఇట్లా అడుగుతాం:

సెలెక్ట్ రైతు_నంబరు, సమ్(మిల్లీలీటర్లు)
ఫ్రమ్ పాలు
వేర్ తేదీ బిట్వీన్ '2025-06-01' అండ్ '2025-06-15'
గ్రూప్ బై రైతు_నంబరు;

ఫ్రమ్ ఏ టేబుల్లోంచో చెప్తుంది. వేర్ ఏ వరసలు కావాలో జల్లెడ పడుతుంది. గ్రూప్ బై ఒక్కో రైతు వరసల్ని ఒక కుప్ప చేస్తుంది. సమ్ ఆ కుప్పని కూడుతుంది. బిట్వీన్ రెండు చివర్లనీ కలుపుకుంటుంది. తర్వాతి బిల్లు 15 నుంచి మొదలుపెడితే ఆ రోజు పాలకి రెండుసార్లు డబ్బులిస్తారు. 16 నుంచి పెట్టాలి.

పేరు కూడా కావాలంటే రైతులు టేబుల్‌ని కలపాలి, దాన్ని జాయిన్ అంటారు. మామూలు జాయిన్‌లో రెండు వైపులా ఉన్నవే వస్తాయి. ఈ పదిహేను రోజుల్లో ఒక్క పూటా పోయని రైతు జాబితాలో కనబడరు. వాళ్లు కూడా కావాలంటే లెఫ్ట్ జాయిన్. అయితే తేదీ షరతుని వేర్‌లో పెడితే వాళ్లు మళ్లీ మాయమవుతారు, ఆ షరతుని జాయిన్ పక్కన ఉండే ఆన్‌లో పెట్టాలి.

అందరినీ ముంచే తప్పు ఇంకొకటి ఉంది. బిల్లులో దాణా బాకీ తగ్గించాలి కదా అని రైతులు, పాలు, దాణా మూడింటినీ ఒకే క్వెరీలో జాయిన్ చేసి రెండు మొత్తాలూ కూడతారు. ఒక రైతుకి 30 పూటల పాలు, 2 దాణా వరసలు ఉన్నాయనుకోండి. జాయిన్ ప్రతి పాల వరసనీ ప్రతి దాణా వరసతో జత కడుతుంది. 60 వరసలు పుడతాయి. పాల మొత్తం రెండింతలు, దాణా బాకీ ముప్పై రెట్లు. ఎర్రర్ ఏమీ రాదు, అంకె మాత్రం వస్తుంది. దాణా ఒక్కసారే తీసుకున్న రైతుకి పాల మొత్తం సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి ఇంకా మోసం. పాలని విడిగా కూడి రైతుకి ఒక వరస చేయండి, దాణాని విడిగా కూడి రైతుకి ఒక వరస చేయండి, ఆ తర్వాతే జాయిన్ చేయండి. కొత్త క్వెరీ రాసిన ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు రైతుల బిల్లు చేత్తో కూడి సరిచూసుకోండి.

డిలీట్, అప్‌డేట్ విషయంలో ఒక పద్ధతి పెట్టుకోండి. వేర్ లేకుండా ‘డిలీట్ ఫ్రమ్ పాలు;’ అని కొడితే టేబుల్ మొత్తం ఖాళీ. ‘నిజంగానా?’ అని అడగదు. ముందు అదే వేర్‌తో సెలెక్ట్ కొట్టి ఎన్ని వరసలు వచ్చాయో చూసి, తర్వాతే సెలెక్ట్ మాట తీసి డిలీట్ పెట్టండి.

దీనికి తోడు ట్రాన్సాక్షన్. కొన్ని మార్పుల్ని ఒక మూటగా కట్టడం అన్నమాట. బిల్లులకి ఒక టేబుల్, పాలు టేబుల్లో బిల్లు_నంబరు గడి కూడా పెట్టుకున్నారనుకోండి. బిల్లు రోజు మీరు మూడు పనులు చేస్తారు: బిల్లు వరస రాయడం, ఆ పాల వరసలకి బిల్లు నంబరు వేయడం, దాణా బాకీ తగ్గించడం. రెండో దానికీ మూడో దానికీ మధ్య కరెంటు పోతే? ‘బిగిన్’ అని మొదలుపెట్టి, మూడూ అయ్యాక ‘కమిట్’ అంటే, కమిట్ పూర్తయ్యేలోపు ఏం జరిగినా మూడూ జరగనట్టే. మీకే తేడాగా అనిపిస్తే ‘రోల్‌బ్యాక్’ అనండి, వెనక్కి పోతుంది. చేత్తో డిలీట్ కొట్టే ముందు కూడా బిగిన్ వేసుకుంటే ‘3 వరసలు’ అని రావాల్సింది ‘3000’ అని వచ్చినప్పుడు బతికిపోతారు. పుస్తకాల్లో ఏసిడ్ అని కనిపించేది ఈ హామీల పేరే.

ఇండెక్స్ గురించి ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకండి. పుస్తకం వెనక పదసూచి లాంటిది. అది లేకపోతే మొదటి పేజీ నుంచి వెతకాలి, ఉంటే నేరుగా ఆ పేజీకి పోవచ్చు. కొత్త వరస రాసిన ప్రతిసారీ సూచిని కూడా దిద్దాలి కాబట్టి ఊరికే పదీ ఇరవై పెట్టకూడదు. ప్రైమరీ కీకి, యూనీక్‌కి అది దానంతటదే వస్తుంది. ఏడాదికి 87,600 వరసలకి అంతకు మించి అవసరం రాదు.

ఏది పెట్టుకోవాలి? ఒకే కంప్యూటర్లో ఎంట్రీ వేస్తున్నంత కాలం ఎస్‌క్యూలైట్. డబ్బు కట్టక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు, డేటాబేస్ మొత్తం ఒక ఫైలు. ‘డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్’ అనే ఉచిత ప్రోగ్రాం పెట్టుకుంటే టేబుళ్లు కళ్లతో చూస్తూ నేర్చుకోవచ్చు. రెండు మూడు కేంద్రాల నుంచి ఒకేసారి రాయాల్సి వస్తే పోస్ట్‌గ్రెస్ లేదా మైఎస్‌క్యూఎల్‌కి పోండి. ఎస్‌క్యూలైట్ ఫైలుని నెట్‌వర్క్ ఫోల్డర్లో పెట్టి ఇద్దరు రాయడం మాత్రం వద్దు, తాళం సరిగా పడక ఫైలు పాడవుతుంది.

అయితే మొండి గుమాస్తా అని ఇంతసేపు పొగిడాను గానీ, ఎస్‌క్యూలైట్ పుట్టుకతో కాస్త మెతక. ఇంటిజర్ గడిలో ‘నిన్న’ అని రాసినా తీసుకుంటుంది. టేబుల్ తయారుచేసేటప్పుడు చివర ‘స్ట్రిక్ట్’ అనే మాట చేర్చాలి, 2021లో వచ్చిన 3.37 వెర్షన్ నుంచి అది ఉంది. ఫారిన్ కీ కాపలా కూడా మామూలుగా ఆపేసి ఉంటుంది. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ ‘ప్రాగ్మా ఫారిన్_కీస్ = ఆన్’ అని చెప్పాలి. ఈ రెండూ చేయకపోతే ఎక్సెల్‌కే ఇంకో చొక్కా తొడిగినట్టు.

పాత ఎక్సెల్ లెక్కని తెచ్చేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అనే రకంలోనే సేవ్ చేయండి. ఒట్టి ‘సీఎస్‌వీ’ ఎంచుకుంటే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలవుతాయి. అట్లా అయిన ఫైలు నుంచి పేర్లు తిరిగి రావు, అసలు షీటు నుంచి మళ్లీ తీయాల్సిందే. బ్యాంకు ఖాతా నంబర్లు ఉంటే ఇంకో జాగ్రత్త: ఎక్సెల్ 15 అంకెల వరకే నమ్మకంగా దాస్తుంది. 16 అంకెల ఖాతా నంబరుని సంఖ్యగా కొట్టి ఉంటే చివరి అంకె ఎప్పుడో సున్నా అయిపోయి ఉంటుంది, మొదట్లో ఉన్న సున్నాలూ పోయి ఉంటాయి. వాటిని పాస్‌బుక్కులు చూసి మళ్లీ ఎక్కించండి. తెచ్చేసిన తర్వాత వరసల సంఖ్య, లీటర్ల మొత్తం రెండు చోట్లా ఒకటేనా చూడండి. ఒక నెల పాటు రెండూ పక్కపక్కనే నడపండి, బిల్లులు పైసాతో సహా కలిశాక ఎక్సెల్ ఆపండి.

బ్యాకప్ సంగతి. ప్రోగ్రాం రాస్తూ ఉండగా ఎస్‌క్యూలైట్ ఫైలుని ఊరికే కాపీ కొడితే సగం రాసిన స్థితి రావచ్చు. దాని ‘బ్యాకప్’ కమాండ్ వాడండి, లేదా ప్రోగ్రాం పూర్తిగా మూసి కాపీ చేయండి. రోజూ సాయంత్రం పూట పాలు అయ్యాక, తేదీ పేరుతో కొత్త ఫైలుగా తీయండి. నిన్నటి దాని మీదే రాస్తే నిన్న చేసిన తప్పు కూడా భద్రంగా ఉంటుంది. ఒక కాపీ పెన్ డ్రైవ్‌లో కేంద్రం బయట, ఇంట్లో ఉండాలి. నెలకోసారి ఆ పెన్ డ్రైవ్‌ని వేరే కంప్యూటర్లో పెట్టి, ‘ప్రాగ్మా ఇంటిగ్రిటీ_చెక్’ అని కొట్టండి, ఓకే అని రావాలి. తర్వాత ఏదో ఒక రైతు పోయిన నెల బిల్లు దాంట్లోంచి తీసి, వాళ్ల చేతిలో ఉన్న చీటీతో కలిపి చూడండి.